బార్డోలీ బస్సు, ఇంగ్లీషు పరీక్ష

మా ఇంట్లో ఎవరైనా మెల్లగా మాట్లాడితే జ్వరమేమోనని నుదురు పట్టి చూసేవాళ్లం. సూరత్‌లో ఉన్ అనే చోట మాది రెండు గదుల ఇల్లు. ఆ రెండు గదుల్లో ఉండేది మేం ముగ్గురమే అయినా, ఉప్పు డబ్బా అందించమని అడగాలన్నా గొంతు చించుకునే అడిగేవాళ్లం. పక్కింటివాళ్లు మొదట్లో మాకు రోజూ గొడవలేనని జాలిపడ్డారట. తర్వాత అలవాటైపోయి, ఏ పూటైనా మా అరుపులు వినబడకపోతే ఊరెళ్లామనుకునేవాళ్లు.

దీనికి నాకు తెలిసిన కారణం ఒకటే. బాపు, అంటే మా నాన్న, పాండేసరలో సాంచెల మీద పని చేస్తాడు. సాంచె అంటే మరమగ్గం. రేకుల షెడ్డులో నలభై ఎనిమిది సాంచెలు ఒకేసారి దడదడలాడుతుంటే, వాటి మధ్య పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి ఇంటికొచ్చి గుసగుసలాడతాడా? అరవడం ఆయన పనిముట్టు, ఇంటికి కూడా తెచ్చుకుంటాడు అనుకునేదాన్ని. ఆయనకు ఇంకో పట్టు కూడా ఉండేది. "ఏదన్న చెప్పేదుంటె జర మొఖం సూపెట్టి చెప్పు" అనేవాడు. నేను పుస్తకంలో తలపెట్టి జవాబిస్తే ఊరుకునేవాడు కాదు. పెద్దలకు మర్యాదంటే ఇదే కాబోలనుకుని, బళ్లో కూడా ప్రతివాళ్ల ముఖంలో ముఖం పెట్టి అరిచేదాన్ని. అది మునిసిపాలిటీవాళ్ల తెలుగు బడి. అక్కడి పిల్లలందరూ సాంచెల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే, పంతులమ్మ గొంతు మాకంటే పెద్దది. ఎవరికీ తప్పు తోచలేదు.

తప్పని తేలింది నర్సింగు కాలేజీలో. పన్నెండో తరగతి మార్కుల మీద నాకు సీటొచ్చింది కానీ, దానికో కొర్రీ పెట్టారు. చదువంతా ఇంగ్లీషులో సాగుతుంది కాబట్టి, మాలాంటి ఇతర మీడియం పిల్లలు కాలేజీ పెట్టే ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు, రెండే అవకాశాలు. రెండోసారి కూడా పోతే సీటు జాబితాలో తర్వాతి అమ్మాయికి పోతుంది. నేను ఇంట్లో అవ్వ పక్కన పీట వేసుకుని చీరలకు మెరిసే రాళ్లు అంటించుకుంటూ కూర్చోవాలి. అవ్వ అంటే మా అమ్మే, పదిహేనేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. ఆమె వేళ్లకు ఎప్పుడూ జిగురు పొర పట్టి ఉండేది. నాకా పీటంటే భయం. పైగా బాపు నా సీటు సంగతి షెడ్డులో అందరికీ చెప్పేశాడు. "నా బిడ్డ సిస్టరైతది. మీకెవలకన్న సూది కావాల్నంటె ఇప్పుడే పేరు రాయించుకోండ్రి" అన్నాడట. ముగ్గురు రాయించుకున్నారట కూడా.

మొదటిసారి చదవడం, రాయడం, వినడం గట్టెక్కాను. మాట్లాడడం దగ్గర బోల్తా పడ్డాను. ఏసీ గదిలో ఇరవై కంప్యూటర్ల ముందు ఇరవై మందిమి, చెవులకు హెడ్‌ఫోన్లు, నోటి ముందు మైకులు. తెర మీద 'మీ ఊరి గురించి చెప్పండి' అని పడింది. కూత రాగానే అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి, ఒక్కొక్కరి గొంతు ఒక్కో కంప్యూటర్లోకి ఎక్కుతుంది. కూత వచ్చింది. నేను ఊపిరి నిండా పీల్చుకుని, నా ఊరు సూరత్ అని ఇంగ్లీషులో మా ఇంటి పద్ధతిలో అన్నాను. పందొమ్మిది తలలు నావైపు తిరిగాయి. ఒకమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుంది, వెనకెవరో కిసుక్కుమన్నారు. అంతే, నా గొంతు ఎక్కడికో దిగిపోయింది. మిగతా నిమిషమంతా మైకుకు కూడా తెలియనంత రహస్యంగా సూరత్ గురించి చెప్పాను. ఫలితాల కాగితంలో నా పేరు పక్కన 'గొంతు వినబడలేదు' అని రాశారు. మా వంశంలో ఈ నింద పడ్డది నేనొక్కదాన్నే.

"నీ గొంతా? నీ గొంతు ఇనవడలేదా?" అని బాపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకెవలిదో కాయిదం నీకిచ్చిన్రు."

"మిషిన్‌కు చెవులు లెవ్వు కావచ్చు" అంది అవ్వ, రాళ్ల మీంచి కళ్లెత్తకుండా.

రెండో పరీక్షకు రెండు నెలల గడువు దొరికింది. తెలిసినవాళ్లు చెబితే ఉధనాలో ఒక సర్ దగ్గర క్లాసులో చేరాను. ఆయన దగ్గర పరీక్షలో రాదగిన ప్రశ్నలన్నింటికీ తయారు జవాబులుండేవి. 'మరచిపోలేని ప్రయాణం' అంటే అందరం మంచుకొండలకు వెళ్లాలి. అక్కడ పర్సు పోవాలి, ముసలాయన ఒకడు దాన్ని తెచ్చివ్వాలి, లోకంలో మంచితనం ఇంకా ఉందని మనం తెలుసుకోవాలి. క్లాసులో పదిహేను మందిమి. అందరం అదే కొండకు వెళ్లాం, అదే పర్సు పోగొట్టుకున్నాం. ఆ ముసలాయన ఎన్ని పర్సులు మోశాడో పాపం! మాలో చాలామంది సూరత్ పక్కనున్న బార్డోలీ దాటి ఎరగరు. "నిజం చెప్తే మార్కులు రావు, ధారాళంగా చెప్తే వస్తాయి" అనేవాడు సర్.

ఇంట్లో అభ్యాసానికి ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నాను. దాని ముందు మాట్లాడితే మార్కులు వేస్తుంది. ఒకరోజు నేను మంచుకొండ ఎక్కుతుండగా అవ్వ మధ్యలో దూరి, "అన్నం మాడుతున్నది, లేస్తవా లేవవా, ఈ పోరితోని నా పానం పోతున్నది" అని అందుకుంది. ఫోను అంతా విని, చాలా బాగుంది, ఆత్మవిశ్వాసం కనిపిస్తోంది అని ఇంగ్లీషులో మెచ్చుకుంది. నాకు అంతకుముందు వచ్చిన మార్కులకంటే అవ్వకు పన్నెండు ఎక్కువ. ఫోను ఏమన్నదని అవ్వ అడిగితే చెప్పాను.

"గట్లనా! మరి నన్ను పంపు కాలేజీకి" అని, ఆ పూటంతా చీరలకు రాళ్లు మహా ఠీవిగా అంటించింది.

అసలు రోగం యాప్‌తోనూ సర్‌తోనూ తగ్గేది కాదు. ఇంగ్లీషు వాక్యం ఎత్తుకోగానే ఆ కిసుక్కుమన్న నవ్వు చెవిలో పడేది, గొంతు జారిపోయేది. ఉధనా క్లాసులో నా వంతు వస్తే పెదవులు మాత్రం ఆడించి కూర్చునేదాన్ని. ఒకనాడు బాపుకు చెప్పుకుని ఏడ్చాను. అదైనా ముఖం చూపించే ఏడ్చాను, లేకపోతే ఊరుకోడు కదా.

బాపు ఆలోచించాడు. "నవ్వుతరనే కదా నీ భయం? రేపు సద్ది తీస్కొని షెడ్డుకు రా. ఆడ నువ్వు ఒర్లినా ఎవనికీ ఇనవడది. ఇనవడనోడు ఎట్ల నవ్వుతడు?"

ఇంత తెలివైన మాట ఉధనా సర్ నోటివెంట ఒక్కటీ రాలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం షేర్ ఆటోలో బాపు అన్నం గిన్నె పట్టుకుని పాండేసర వెళ్లడం మొదలుపెట్టాను. ఆ వేళకు షెడ్డు యజమాని సేఠ్ మార్కెట్లో ఉంటాడు. బాపు చేతి కింద ఎనిమిది సాంచెలు. ఆయన ఒక మూల కూర్చుని తింటుంటే, పక్కవరస చూసే కాక వాటి మీద ఓ కన్నేసేవాడు. నేను రెండు వరసల నడుమ సందులో అటూ ఇటూ నడుస్తూ ఇంగ్లీషు ఉపన్యాసాలు దంచేదాన్ని. నిజంగానే నా మాట నాకే వినబడేది కాదు. వినబడనప్పుడు తప్పెక్కడిది, సిగ్గెక్కడిది? వారం తిరిగేసరికి నా గొంతు తాడు తెంపుకుంది. దూది ఎగిరే ఆ గాల్లో మంచుకొండలు ఎక్కాను, దిగాను, దేశ ప్రగతిని కూడా వివరించాను.

కాక గురించి చెప్పాలి. బాపు సొంతూరివాడే, ముప్పై ఏళ్లుగా సాంచెల మీదే ఉన్నాడు. షెడ్డులో మాట వినబడదు కాబట్టి అక్కడివాళ్లు చేతులతో సైగలు చేసుకుంటారు, పెదాలు చూసి మాట పట్టేస్తారు. కడుపు మీద గుండ్రంగా చెయ్యి తిప్పితే సేఠ్ వస్తున్నాడని. పెదాలు పట్టడంలో కాకను మించినవాడు లేడు, నలభై అడుగుల దూరంలో ఎవడు ఎవణ్ని తిట్టాడో చెప్పేసేవాడు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా నేను నడుస్తున్నంతసేపూ నా నోరే చూసేవాడు. వారం చూసి, ఒకరోజు బయట చాయ్ బండి దగ్గర తీర్పు చెప్పాడు.

"బిడ్డా, నువ్వు రోజు ఒక్కటే చెప్తున్నవ్. నీ నోరు నిన్న ఎట్ల కదిలిందో ఇయ్యాల గట్లనే కదిలింది. ఒక్క పోగు అటిటు కాలే. ఏందది?"

నేను మంచుకొండల కథ చెప్పాను. కాక చాయ్ ఊదుకుంటూ విన్నాడు.

"నువ్వు ఆడికి ఎన్నడు పోయినవే?"

"పోలేదు కాకా."

"అందుకే నీ మొఖంల చలి లేదు. ఇంకోటి. ప్రతి మాటకు ముందట మూతి సున్న తీర్గ సుట్టి ఆగుతున్నవ్. ఇయ్యాల లెక్కబెట్టిన, పంతొమ్మిది సార్లు."

నిజమే. మాట దొరకనప్పుడల్లా 'సో' అని సాగదీయడం ఉధనా సర్ నేర్పిన విద్య. ఇంగ్లీషు రాని మనిషి నా ఇంగ్లీషు జబ్బు కంటితో చూసి చెప్పేశాడు. నాకు ఒళ్లు మండింది, ఆయన చెప్పింది నిజం కాబట్టి ఇంకా మండింది.

"పోగు తెగితే ఏం జేస్తం? ముడేసి మళ్ల నడుపుతం. ఆడ నిలవడి ఏడ్వం. నీకు మాట తెగితే పక్క మాటతోని ముడెయ్యి. ముడి కనవడితే కనవడనీ, బట్ట ఆగొద్దు" అన్నాడు కాక. పోయి వచ్చిన ఊరి సంగతే ఏదైనా చెప్పమన్నాడు.

నేను పోయి వచ్చిన ఊర్లలో చెప్పుకోదగ్గది బార్డోలీయే. నాకు పదకొండేళ్లప్పుడు అక్కడి చక్కెర మిల్లులో పనిచేసే మావాళ్లింట్లో పెళ్లికి వెళ్లి తిరిగి వస్తున్నాం. బస్సు బార్డోలీ స్టాండులో ఆగింది. బాపు చాయ్ తాగి వస్తానని దిగాడు. ఆయన మాకు వీపు పెట్టి చాయ్ సాసర్లో పోసుకుంటుండగా బస్సు కదిలింది. నేను బాపూ అని అరిచాను, అవ్వ అరిచింది. కండక్టర్ ఈల వేశాడు, డ్రైవర్ హారన్ కొట్టాడు, ఆఖరికి బస్సులో ఉన్నవాళ్లంతా గుజరాతీలో ఏ కాకా, ఏ కాకా అని బాపును పిలుస్తూ గొంతు కలిపారు. బాపు పది అడుగుల దూరంలో నిలబడి ప్రశాంతంగా సాసర్ ఊదుకుంటున్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఆయన రెండు గంటల తర్వాత వేరే బస్సులో వచ్చి, "నన్ను విడిచిపెట్టి పోయిన్రు, మీరేం మనుషులు" అని మమ్మల్నే తిట్టాడు. చాయ్ దొరికితే మా బాపుకు లోకం అక్కర్లేదని, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని ఆ కథ చెప్పి ఎంతమందిని నవ్వించానో. అవ్వ మాత్రం ఆ రోజు దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఆ కథనే ఇంగ్లీషులోకి దింపాను. శంఖం సామెతను కూడా వదల్లేదు. షెడ్డులో నెల రోజులు ఆ బస్సును నడిపాను. కాక నా ముఖం చూసి, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వేవాడు. "ఇగ ఇది బట్ట. మొన్నటిది కాయిదం" అన్నాడు. బాపు కూడా మెతుకులు నములుతూ నా పెదాలే చూసి తల ఊపేవాడు, కథ తనదేనని తెలియక.

పరీక్ష రోజు మళ్లీ అదే గది, అవే ఇరవై కంప్యూటర్లు. తెర మీద 'మరచిపోలేని ప్రయాణం' పడింది. చుట్టూ ఉధనా బృందం మంచుకొండలు ఎక్కడానికి సిద్ధమవడం కనబడుతూనే ఉంది. నేను కళ్లు మూసుకుని సాంచెలను తలుచుకున్నాను. కూత రాగానే బస్సు బయలుదేరదీశాను. మాట తెగితే ముడేశాను, ఎక్కడా ఆగలేదు. బాపును పిలిచే చోట షెడ్డులో పిలిచినట్టే పిలిచాను. కథ ముగించి కళ్లు తెరిస్తే గదిలో ఇంకెవరూ మాట్లాడటం లేదు. అందరూ హెడ్‌ఫోన్లు తీసి నన్నే చూస్తున్నారు. ఏ పిల్లకు ప్రాణం మీదికొచ్చిందోనని కాపలా ఆయా తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

గంట తర్వాత పరీక్షల మేడం నన్ను గదికి పిలిచింది. కళ్లజోడు పెట్టుకున్న గుజరాతీ ఆవిడ, గొంతు మజ్జిగలా చల్లగా ఉంటుంది. సీటు పోయిందని నాకు తెలిసిపోయింది. అవ్వ పక్కన పీట కళ్లముందు కనబడింది. ఆవిడ కంప్యూటర్లో ఒక అమ్మాయి జవాబు వినిపించింది. ఆ అమ్మాయి మంచుకొండల్లో పర్సు పోగొట్టుకునేలోపే వెనక నా బార్డోలీ బస్సు హారన్ కొట్టింది. రెండో జవాబు పెట్టింది. అందులో ముసలాయన పర్సు తెస్తుంటే నేను ఫాదర్, ఫాదర్ అని అరుస్తున్నాను. మూడోదాంట్లో నేను తప్ప ఎవరూ లేరు. పందొమ్మిది మంది ప్రయాణాల్లోనూ మా బాపు చాయ్ తాగుతున్నాడు.

"వీళ్లందరికీ రేపు మళ్లీ పెట్టాలి" అంది మేడం ఇంగ్లీషులో. "ఎందుకిలా అరుస్తావు?"

ఈ ప్రశ్నకు తయారు జవాబు లేదు. నేను ఇంగ్లీషులోనే చెప్పడం మొదలుపెట్టాను. మా నాన్న సాంచెల మీద పని చేస్తాడన్నాను. అక్కడే అభ్యాసం చేశానన్నాను. ముఖం చూపించి మాట్లాడాలన్నది మా ఇంటి నియమమన్నాను. కాక గురించి, పోగు ముడి గురించి చెప్పాను. తప్పులు దొర్లుతూనే ఉన్నాయి, ముడులేస్తూ పోయాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. ఆవిడ మధ్యలో కాగితం మీద ఏదో రాసుకుంది.

"సరే, షెడ్డులో చప్పుడు. ఇంట్లో సాంచెలు లేవు కదా. ఇంట్లో కూడా ఎందుకు అరుస్తారు?"

అలవాటు అన్నాను.

"ఆ బస్సు పది అడుగుల దూరంలోనే ఉందన్నావు. అందరూ పిలిచారన్నావు. మీ నాన్న తిరిగి చూడలేదా?"

నవ్వబోయాను. నవ్వు రాలేదు. వందసార్లు చెప్పిన కథ, ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ముడేయడానికి ఏ భాషలోనూ మాట దొరకలేదు. చివరికి, నాకు తెలియదు మేడం, ఇవాళ ఇంటికెళ్లి చూస్తాను అన్నాను. ఆ ఒక్క వాక్యం మాత్రం మెల్లగా వచ్చింది.

మేడం కాగితం నావైపు తిప్పింది. మాట్లాడడం కింద 'పాస్' అని ఉంది. "పది నిమిషాలకు పైగా మాట్లాడావు, ఇంతకంటే ఏం కావాలి? కానీ వార్డులో గొంతు తగ్గించాలి. లేకపోతే రోగులు లేచి ఇంటికెళ్లిపోతారు" అంది.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి బాపు వచ్చి ఉన్నాడు. గుమ్మానికి వీపు పెట్టి, నల్లా దగ్గర వంగి కాళ్లు కడుక్కుంటున్నాడు. అవ్వ చీర పరుచుకుని కూర్చుంది. నేను గుమ్మంలోనే ఆగి, మేడం గొంతంత మెల్లగా, "బాపూ, నేను పాసైన" అన్నాను. బాపు మడమ రుద్దుకుంటున్నాడు. ఇంకొంచెం పెంచి అన్నాను. లోకమంతా మాట్లాడుకునే గొంతు అది. బాపు రెండో కాలు ఎత్తాడు.

అవ్వ చేతిలో రాయి ఆగిపోయింది. నా ముఖం చూసి ఆమెకు అంతా అర్థమైంది.

"ఇప్పుడు ఎర్కయిందా నీకు?" అంది. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. "బార్డోలీ కంటె ముందట్నుంచే గంతే. సాంచెల చప్పుడు తిన్నది చెవులను. ఎవలకు తెలిసినా పనిల నుంచి తీసేస్తరని ఆయన భయం. నీకు తెలిస్తె చిన్నతనమని ఇంకో భయం. మరి నేనెందుకు ఒర్లుతున్న అనుకున్నవే ఇన్నేండ్లు?"

నాకు సిగ్గేసింది. శంఖం సామెత ఎన్నిసార్లు అన్నానో, ఎంతమంది నవ్వారో అన్నీ గుర్తొచ్చాయి. అన్నింటికంటే, ఇవాళే దాన్ని ఇంగ్లీషులో కూడా చెప్పి పందొమ్మిది మంది కంప్యూటర్లలో ఎక్కించి వచ్చాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

బాపు తుండుగుడ్డతో కాళ్లు తుడుచుకుంటూ ఇటు తిరిగి నన్ను చూశాడు.

"ఎప్పుడొచ్చినవే? ఏమాయె? అట్ల తలకాయ దించుకుంటె ఎట్ల? మొఖం సూపెట్టి చెప్పు!"

నేను కళ్లు తుడుచుకుని వెలుతురులోకి వెళ్లి, ఆయన ముందు నిలబడి ముఖం చూపించాను. పాసయ్యానని, సీటు నాదేనని, పేరు రాయించుకున్న ఆ ముగ్గురికీ సూదులు వేస్తానని చెప్పాను. వీధి చివరి దాకా వినబడేలా, ఇంగ్లీషులో చెప్పాను. బాపు నా పెదాలు చూస్తూ, ఒక్క మాటా వినకుండా, అంతా అర్థమైనట్టు తల ఊపాడు.